పట్టిక బట్టీ పట్టక్కర్లేదు, రెండు బొమ్మలు గుర్తుంటే చాలు: సైన్, కాస్, టాన్ ఖచ్చితమైన విలువలు

మీరు ఒక ప్రశ్న అనుకుని అడిగారు గానీ అందులో నాలుగున్నాయి. 30°, 45°, 60° విలువల పట్టిక ఎన్నిసార్లు బట్టీ పట్టినా పరీక్షలో టెన్షన్‌కి సైన్ 60°, కాస్ 60° తారుమారైపోతున్నాయి, ఏం చేయాలి? సైన్ 210°, టాన్ 285° లాంటివి పట్టికలోనే లేవు, అవెలా (టాన్ 285°కి మీరు −2 + √3 అని రాశానన్నారు)? క్యాలిక్యులేటర్ 0.866 అని చూపిస్తుంటే √3/2 అనే రాయాలన్న పట్టుదల దేనికి? ఇలా ఏ కోణానికైనా ఖచ్చితమైన విలువ దొరుకుతుందా? చాలా ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదవండి. బొమ్మలు గీయకుండా చదివితే సగమే అర్థమవుతుంది.

ముందు ఆ 0.866 సంగతి తేల్చేద్దాం. 0.866ని వర్గం చేస్తే 0.749956 వస్తుంది. √3/2ని వర్గం చేస్తే సరిగ్గా 3/4. తేడా చిన్నదే, ఒక్క మెట్టు లెక్కలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ లెక్క పది మెట్లు నడిచినప్పుడు, ముఖ్యంగా దగ్గర దగ్గరగా ఉన్న రెండు సంఖ్యల్ని తీసివేయాల్సి వచ్చినప్పుడు, ఆ చిన్న తేడా పెద్దదవుతుంది. 1/(2 − √3) విలువ కావాలనుకోండి. √3 అంటే 1.7 అని సరిపెట్టుకుంటే 1/0.3, అంటే 3.33. ఇంకొంచెం జాగ్రత్తగా 1.73 తీసుకుంటే 1/0.27, అంటే 3.70. అసలు విలువ 2 + √3, అంటే 3.732. √3లో చేసిన రెండు శాతం తప్పు జవాబులో పది శాతం దాటింది. √3ని √3గానే ఉంచి, హారాన్ని అకరణీయం చేసి ఉంటే ఈ గొడవే లేదు. పైగా √3/2 అని కనబడితే దాని వెనకాల 60° ఉందని మనసుకి తడుతుంది. 0.866 చూస్తే ఏమీ తట్టదు.

ఇక బొమ్మలు.

మొదటిది సమబాహు త్రిభుజం. ఒక్కో భుజం 2 తీసుకోండి. 1 తీసుకున్నా వస్తుంది గానీ భిన్నాలు ముందే దిగిపోతాయి, 2 అయితే హాయి. కోణాలన్నీ 60°. పై శీర్షం నుంచి కింది భుజానికి లంబం దించండి. అది కింది భుజాన్ని 1, 1గా చీలుస్తుంది, పైనున్న 60°ని 30°, 30°గా చీలుస్తుంది. సగం త్రిభుజాన్ని మాత్రమే చూడండి: కర్ణం 2, చిన్న భుజం 1, లంబం పొడవు పైథాగరస్ ప్రకారం √(4 − 1) = √3. చిన్న భుజం 30°కి ఎదురుగా ఉంది, √3 భుజం 60°కి ఎదురుగా ఉంది. అంతే. సైన్ అంటే ఎదుటి భుజం బై కర్ణం కాబట్టి సైన్ 30° = 1/2, సైన్ 60° = √3/2. కాస్ అంటే ఆసన్న భుజం బై కర్ణం కాబట్టి కాస్ 30° = √3/2, కాస్ 60° = 1/2. టాన్ అంటే ఎదుటి భుజం బై ఆసన్న భుజం కాబట్టి టాన్ 30° = 1/√3, టాన్ 60° = √3.

తారుమారు కావడం గురించి అడిగారు కదా. ఈ బొమ్మలో అది కుదరదు. చిన్న కోణానికి ఎదురుగా చిన్న భుజమే ఉంటుంది. 30° చిన్నది, 1 చిన్నది, కాబట్టి సైన్ 30° అంటే 1/2. పరీక్షలో అనుమానం వస్తే మార్జిన్‌లో ఈ సగం త్రిభుజం గీసుకోండి, పావు నిమిషం పని.

రెండో బొమ్మ చతురస్రం. భుజం 1. కర్ణం గీస్తే పొడవు √2, మూలల్లో 45°. కాబట్టి సైన్ 45° = కాస్ 45° = 1/√2, టాన్ 45° = 1. 1/√2 అన్నా √2/2 అన్నా ఒకటే. కొందరు పేపర్ దిద్దేవాళ్లు హారంలో మూలం ఉంటే ఒప్పుకోరు, కాబట్టి √2/2 అని రాసే అలవాటు చేసుకుంటే గొడవ ఉండదు. నా మటుకు నేను లెక్క మధ్యలో ఏది తేలికైతే అది వాడతాను, చివర్లో మాత్రం సవరిస్తాను.

సెక్, కోసెక్, కాట్ కోసం విడిగా పట్టిక బట్టీ పట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది. అవి కాస్, సైన్, టాన్‌లని తలకిందులు చేయడమే. సెక్ 30° కావాలంటే √3/2ని తిరగేసి 2/√3, హారం సవరిస్తే 2√3/3. అయిపోయింది.

మీకు ఇంకెవరో చెప్పి ఉంటారు: 0°, 30°, 45°, 60°, 90°లకి సైన్ విలువలు వరసగా √0/2, √1/2, √2/2, √3/2, √4/2 అని. కాస్‌కి అదే వరస వెనక నుంచి. ఇది నిజమే, గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, నేనూ చెబుతాను. కాకపోతే ఇది చిట్కా మాత్రమే. కోణాల మధ్య దూరాలు చూడండి: 30, 15, 15, 30. సమానంగా లేవు. సైన్ వర్గం 0, 1/4, 2/4, 3/4, 1 అని సమాన దూరాల్లో పెరిగే చోట్లు వరసగా ఈ కోణాల దగ్గర పడ్డాయి, అంతే. ఒక కుర్రాడు ఈ చిట్కాని లాగి సైన్ 15° అంటే √0.5/2 అని రాశాడు. ఆలోచించే ప్రయత్నం చేశాడు కాబట్టి కోప్పడలేదు గానీ జవాబు తప్పు. అది 0.354, అసలుది 0.259.

0°, 90° దగ్గర త్రిభుజం చదునైపోతుంది కాబట్టి త్రిభుజంతో వాదించడం ఇబ్బంది. 90° దాటితే లంబకోణ త్రిభుజంలో ఆ కోణమే పట్టదు. అక్కడ వృత్తం కావాలి. కేంద్రం మూలబిందువు దగ్గర, వ్యాసార్ధం 1. ఎక్స్ అక్షం కుడి వైపు నుంచి మొదలుపెట్టి గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో కోణం తిరగండి. ఆగిన చోట బిందువు ఎక్స్ నిరూపకమే కాస్, వై నిరూపకమే సైన్. వై బై ఎక్స్ టాన్. 90° దగ్గర బిందువు (0, 1), కాబట్టి సైన్ 90° = 1, కాస్ 90° = 0. టాన్ 90° కావాలంటే 1ని 0తో భాగించాలి, కుదరదు, కాబట్టి అది నిర్వచితం కాదు. "అనంతం" అని రాయకండి. 90°కి కింది నుంచి దగ్గరైతే టాన్ ఎంత పెద్ద ధనసంఖ్య అయినా అవుతుంది, పై నుంచి దగ్గరైతే అంతే పెద్ద రుణసంఖ్య అవుతుంది. రెండు వైపులా రెండు దారులు పట్టే దానికి ఒక విలువ ఇవ్వలేం.

ఈ వృత్తం చేతికొచ్చాక సైన్ 210° చాలా తేలిక. 180° దాటి ఇంకో 30° తిరిగారు, మూడో పాదంలో (అక్షాలు వృత్తాన్ని చీల్చే నాలుగు భాగాల్లో మూడోదాంట్లో) ఉన్నారు. ఆ బిందువు నుంచి ఎక్స్ అక్షానికి లంబం గీస్తే దొరికేది మన పాత 30° త్రిభుజమే, తలకిందులుగా పడుకుని ఉంది. పొడవులు మారవు, గుర్తులే మారతాయి. మూడో పాదంలో ఎక్స్, వై రెండూ రుణాలే. కాబట్టి సైన్ 210° = −1/2, కాస్ 210° = −√3/2, టాన్ 210° = 1/√3. రుణాన్ని రుణంతో భాగిస్తే ధనం అయింది.

ఇలా ఎక్స్ అక్షంతో ఏర్పడే లఘుకోణాన్ని రిఫరెన్స్ కోణం అంటారు. రెండో పాదంలో 180 నుంచి కోణాన్ని తీసివేయాలి, మూడో పాదంలో కోణం నుంచి 180 తీసివేయాలి, నాలుగో పాదంలో 360 నుంచి కోణాన్ని తీసివేయాలి. ఎప్పుడూ ఎక్స్ అక్షం నుంచే కొలవాలి, వై అక్షం నుంచి కాదు. నేను దిద్దిన పేపర్లలో ఎక్కువ మంది జారిపడేది ఇక్కడే. 120°ని చూసి "90 దాటి 30, కాబట్టి 30 త్రిభుజం" అంటారు. కాదు, 180కి 60 తక్కువ, కాబట్టి 60 త్రిభుజం. సైన్ 120° = √3/2, కాస్ 120° = −1/2. 90° నుంచి కొలిచినా జవాబు వస్తుంది, కాకపోతే అప్పుడు సైన్ కాస్ అవుతుంది, కాస్ సైన్ అవుతుంది. రెండు పద్ధతులూ కలిపితే కొంప మునుగుతుంది. ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి.

గుర్తుల కోసం "ఆల్ సిల్వర్ టీ కప్స్" అని వల్లిస్తారు: మొదటి పాదంలో అన్నీ ధనం, రెండో పాదంలో సైన్, మూడో పాదంలో టాన్, నాలుగో పాదంలో కాస్. వల్లించడంలో తప్పు లేదు. నాకైతే దాని అవసరం ఎప్పుడూ పడలేదు. కుడి పక్క ఎక్స్ ధనం, పైన వై ధనం అన్న సంగతి ఏనాడో నేర్చుకున్నాం, మళ్ళీ కప్పులెందుకు?

కోణం 360 దాటితే 360లు తీసేయండి. 1290° అంటే మూడు పూర్తి చుట్లు, 1080 పోగా మిగిలింది 210. కాబట్టి సైన్ 1290° = −1/2. టాన్ 855° అంటే 720 పోగా 135, రెండో పాదం, రిఫరెన్స్ 45, జవాబు −1. రుణ కోణం అంటే గడియారం దిశలో తిరగడం. బొమ్మలో బిందువు ఎక్స్ అక్షానికి అవతలి పక్క పడుతుంది, వై మారుతుంది, ఎక్స్ మారదు. అందుకే సైన్ (−60°) = −√3/2, కాస్ (−60°) = 1/2. కోణాన్ని డిగ్రీల్లో కాకుండా రేడియన్లు అనే ఇంకో కొలతలో ఇస్తే కంగారు పడకండి. π (పై) రేడియన్లు అంటే 180°. 7π/6 అంటే 180ని 6తో భాగిస్తే 30, ఏడు ముప్పైలు 210. క్యాలిక్యులేటర్ గురించి ఒక మాట: సైన్ 30 కొడితే −0.988 వస్తే మిషను పాడవలేదు, అది రేడియన్ మోడ్‌లో ఉంది.

ఇప్పుడు 15°, 75°. అందరూ చెప్పేది కూడిక సూత్రం: సైన్ (45° − 30°) = సైన్ 45° కాస్ 30° − కాస్ 45° సైన్ 30°. విలువలు వేస్తే (√2/2)(√3/2) − (√2/2)(1/2), అంటే (√6 − √2)/4. అలాగే కాస్ 15° = (√6 + √2)/4. ఇందులో ఒక్క హెచ్చరిక. సైన్ 75° అంటే సైన్ 45° + సైన్ 30° అనుకునేవాళ్లు ప్రతి సంవత్సరం ఉంటారు. అలా చేస్తే 0.707 + 0.5 = 1.207 వస్తుంది. సైన్ ఎప్పుడూ 1 దాటదు కాబట్టి తప్పు అక్కడికక్కడే దొరికిపోవాలి. జవాబు రాసే ముందు దశాంశాల్లో ఉజ్జాయింపుగా ఎంతో చూసుకోమని నేను పోరేది ఇందుకే.

సూత్రం మర్చిపోతే? నాకు చాలా ఇష్టమైన బొమ్మ ఇంకోటుంది, ఇది తరగతిలో తక్కువ మంది చూపిస్తారు. మన సగం సమబాహు త్రిభుజాన్ని ఇలా పెట్టండి: సీ దగ్గర లంబకోణం, బీ దగ్గర 30°, ఏసీ = 1, బీసీ = √3, కర్ణం ఏబీ = 2. ఇప్పుడు సీబీ గీతని బీ దాటి ఇంకో 2 పొడిగించి అక్కడ డీ అని పెట్టండి. బీడీ = 2, ఏబీ కూడా 2. కాబట్టి ఏబీడీ సమద్విబాహు త్రిభుజం, ఏ దగ్గర, డీ దగ్గర కోణాలు సమానం. ఆ రెండూ కలిపితే బీ దగ్గరి బాహ్య కోణం, అది 30°. అంటే డీ దగ్గర 15°. ఇక పెద్ద లంబకోణ త్రిభుజం ఏసీడీని చూడండి. టాన్ 15° = ఏసీ బై సీడీ = 1/(2 + √3). హారం సవరిస్తే 2 − √3. ఒక్క సూత్రం వాడలేదు. అదే త్రిభుజంలో ఏ దగ్గరి కోణం 75°, కాబట్టి టాన్ 75° = 2 + √3.

ఇదే ఉపాయం చతురస్రం సగం మీద వేయండి. భుజాలు 1, 1, కర్ణం √2. ఒక భుజాన్ని √2 పొడిగిస్తే 45°లో సగం, 22.5° పుడుతుంది. టాన్ 22.5° = 1/(1 + √2) = √2 − 1. ఏ కోణాన్నైనా సగం చేయడానికి ఈ ఉపాయం పనికొస్తుంది: ఆసన్న భుజాన్ని కర్ణం అంత పొడిగించాలి, అంతే. సగం కోణం టాన్ అంటే సైన్ బై (1 + కాస్) అని పుస్తకాల్లో ఉండే సూత్రం ఈ బొమ్మే.

సగం కోణానికి ఇంకో సూత్రం ఉంది: సైన్ వర్గం = (1 − పూర్తి కోణం కాస్)/2. దాంతో సైన్ 15° చేస్తే √(2 − √3)/2 వస్తుంది. ఇందాక (√6 − √2)/4 వచ్చింది కదా, ఏది నిజం? రెండూ ఒకటే. రెండోదాన్ని వర్గం చేయండి: (6 + 2 − 2√12)/16 = (8 − 4√3)/16 = (2 − √3)/4. మొదటిదాని వర్గం కూడా అదే, రెండూ ధనాలే. ఖచ్చితమైన విలువకి ఒకే రూపం ఉండాలని లేదు. మీ జవాబు పుస్తకం వెనక జవాబుతో కలవకపోతే వెంటనే కొట్టేయకండి, రెండింటినీ వర్గం చేసి చూడండి.

సగం చేస్తూ పోతే మూలం లోపల మూలం పెరుగుతూ పోతుంది. కాస్ 22.5° = √(2 + √2)/2, కాస్ 11.25° = √(2 + √(2 + √2))/2. కాస్ 45°తో మొదలుపెట్టి ఈ వరస మొత్తాన్ని అంతులేకుండా గుణిస్తే 2/π వస్తుందని ఫ్రెంచ్ గణితవేత్త ఫ్రాంస్వా వియెట్ 1593లో చూపించాడు. అంత పాత రోజుల్లో అంతులేని గుణకారం రాయడానికి ఎంత ధైర్యం కావాలో!

సగం చేయడం అంతకంటే పాతది. ఆర్యభటుడి జ్యా పట్టిక (499; జ్యా అంటే సైన్‌ని వ్యాసార్ధంతో గుణించినది) 3 డిగ్రీల 45 నిమిషాల మెట్లతో సాగుతుంది. ఆ వింత సంఖ్య ఎక్కడిదనుకుంటున్నారు? 30ని సగం చేస్తే 15, మళ్ళీ చేస్తే 7.5, మళ్ళీ చేస్తే 3.75, అదే 3°45′. ఆయన వ్యాసార్ధం 3438 తీసుకున్నాడు, ఇచ్చింది విలువలు కాదు, పక్కపక్క విలువల తేడాలు: 225, 224, 222, 219, 215, 210, 205, 199 అలా మొత్తం 24. ఈ మొదటి ఎనిమిదీ కూడండి. ఎనిమిది మెట్లంటే 30°. మొత్తం 1719 వస్తుంది, అంటే 3438లో సరిగ్గా సగం. సైన్ 30° = 1/2 అక్కడ పట్టికలో దాక్కుని ఉంది. తర్వాతి నాలుగు 191, 183, 174, 164 కలిపితే 45° దగ్గర 2431. 3438ని √2తో భాగించి చూడండి, 2431.03.

మళ్ళీ మన లెక్కకి వస్తాను. 30, 45లని కూడుతూ, తీసేస్తూ, సగం చేస్తూ ఎంత తిరిగినా 18°కి చేరలేరు. దానికి మూడో బొమ్మ కావాలి, ఇది క్రమ పంచభుజిలోంచి వస్తుంది. ఏబీసీ సమద్విబాహు త్రిభుజం గీయండి: ఏబీ = ఏసీ = 1, ఏ దగ్గర 36°, బీ, సీ దగ్గర 72°. కింది భుజం బీసీ ఎంతో తెలీదు, దాన్ని "క" అందాం. బీ దగ్గరి 72°ని సమద్విఖండన చేసే గీత ఏసీని డీ దగ్గర కలుస్తుంది. ఇప్పుడు త్రిభుజం ఏబీడీలో రెండు కోణాలు 36°, కాబట్టి ఏడీ = బీడీ. త్రిభుజం బీడీసీలో కోణాలు 36°, 72°, 72°, కాబట్టి బీడీ = బీసీ = క. అంటే ఏడీ కూడా క, మిగిలిన డీసీ = 1 − క. చిన్న త్రిభుజం పెద్దదానికి సరూపం: క/1 = (1 − క)/క. దీన్నుంచి క² + క − 1 = 0, క = (√5 − 1)/2. గోల్డెన్ రేషియో గురించి విన్నవాళ్లకి ఈ సంఖ్య పాత చుట్టమే. పెద్ద త్రిభుజాన్ని ఏ నుంచి నిలువుగా చీలిస్తే పైన 18°, ఎదుటి భుజం క/2, కర్ణం 1. కాబట్టి సైన్ 18° = (√5 − 1)/4, సుమారు 0.309.

కాస్ 36° కోసం కాస్ 2అ = 1 − 2 సైన్² అ (అ అంటే ఏదైనా కోణం) వాడితే (√5 + 1)/4, సుమారు 0.809. ఈ రెంటి తేడా సరిగ్గా 1/2, లబ్ధం సరిగ్గా 1/4. కాస్ 18°, సైన్ 36° మాత్రం అంత అందంగా ఉండవు: √(10 + 2√5)/4, √(10 − 2√5)/4. అవసరమైతే రాబట్టుకోండి, గుర్తు పెట్టుకోవద్దు.

18 వచ్చిందంటే 3 వచ్చినట్టే: 18 − 15. 3 వచ్చిందంటే 3 గుణిజాలన్నీ వచ్చినట్టే. అంటే 3°, 6°, 9° ఇలా అన్నిటికీ వర్గమూలాలతో ఖచ్చితమైన విలువలున్నాయి. సైన్ 3° రాస్తే ఒక వరసలో పట్టదు, అది వేరే సంగతి. మరి 1°? 20°? ఇక్కడే మీ చివరి ప్రశ్నకి జవాబు.

కాస్ 3అ = 4 కాస్³ అ − 3 కాస్ అ అన్న సూత్రంలో అ = 20° పెట్టండి. ఎడమ పక్క కాస్ 60° = 1/2. కాస్ 20° రెట్టింపుని "చ" అనుకుంటే సమీకరణం చ³ − 3చ − 1 = 0 అవుతుంది. దీనికి అకరణీయ మూలం ఉంటే అది 1 గానీ −1 గానీ కావాలి. 1 పెడితే −3, −1 పెడితే 1, రెండూ సున్నా కాదు. అలాంటి ఘన సమీకరణం మూలాల్ని వర్గమూలాలు మాత్రమే వాడి ఎన్ని పొరలుగా రాసినా పట్టుకోలేం. ఇదే కారణంగా 60° కోణాన్ని స్కేలు, వృత్తలేఖినితో మూడు సమభాగాలు చేయడం కూడా అసాధ్యం, దాన్ని ఫ్రెంచ్ గణితవేత్త పియెర్ వాంట్జెల్ 1837లో నిరూపించాడు. 20° కుదరకపోతే 1° కూడా కుదరదు, ఎందుకంటే 1° ఉంటే దాన్ని ఇరవై సార్లు కూడి 20° చేసేయొచ్చు. ఘనమూలాలు అనుమతిస్తే రాయొచ్చు గానీ వాటి లోపల సంకీర్ణ సంఖ్యలు (రుణసంఖ్యల వర్గమూలాలు కలిసినవి) వస్తాయి. వాస్తవ సంఖ్య కోసం బయల్దేరి సంకీర్ణ సంఖ్యల మీదుగా పోయి రావాలి. 15వ శతాబ్దంలో సమర్‌ఖండ్‌లో పనిచేసిన గణితవేత్త అల్ కాషీకి సైన్ 1° కావాల్సి వచ్చినప్పుడు ఆయన పట్టుకున్నది ఇలాంటి ఘన సమీకరణాన్నే. సైన్ 3° తెలుసు కాబట్టి, సైన్ 1°ని మళ్ళీ మళ్ళీ సవరించుకుంటూ ఎన్నో స్థానాల దాకా లాగాడు.

అలాగని 3 గుణిజాలతోనే కథ ముగిసిందనుకోకండి. 360ని 17తో భాగిస్తే వచ్చే కోణం డిగ్రీల్లో చూస్తే వికారంగా ఉంటుంది, కానీ దాని కాస్ వర్గమూలాలతో రాయొచ్చని 1796లో, ఇంకా పంతొమ్మిదేళ్లు నిండని జర్మన్ గణితవేత్త గాస్ కనుక్కున్నాడు. డిగ్రీల సంఖ్య అందంగా ఉంటే విలువ అందంగా ఉంటుందన్న పూచీ లేదు, వికారంగా ఉంటే ఉండదన్న పూచీ కూడా లేదు.

ఒక తమాషా చెప్పి మీ లెక్కకి వస్తాను. కాస్ 20°, కాస్ 40°, కాస్ 80° మూడూ విడివిడిగా మనకి చిక్కవు. మూడింటినీ గుణిస్తే మాత్రం 1/8. కాగితం మీద సైన్ 20°తో గుణించి చూడండి: సైన్ 20° కాస్ 20° = సైన్ 40° సగం, దాన్ని కాస్ 40°తో గుణిస్తే సైన్ 80°లో నాలుగో వంతు, దాన్ని కాస్ 80°తో గుణిస్తే సైన్ 160°లో ఎనిమిదో వంతు. సైన్ 160° అంటే సైన్ 20°యే, రెండు పక్కలా కొట్టేయండి.

ఇక మీ టాన్ 285°. 270 దాటింది, నాలుగో పాదం. రిఫరెన్స్ కోణం 360 − 285 = 75. నాలుగో పాదంలో ఎక్స్ ధనం, వై రుణం, కాబట్టి టాన్ రుణం. టాన్ 75° పొడిగించిన త్రిభుజం బొమ్మలో 2 + √3 అని చూశాం. కాబట్టి టాన్ 285° = −(2 + √3), సుమారు −3.73. 285° గీత నిలువుకి దగ్గరగా, కిందికి దిగుతూ ఉంటుంది, అంటే పెద్ద రుణసంఖ్య రావాలి, వచ్చింది. మీరు −2 + √3 అని రాశానన్నారు, అది −0.27. బ్రాకెట్ మర్చిపోయారు, పద్ధతి సరైనదే.